ఫ్లాట్ నంబర్ 302లో హబ్బు మార్పిడి

మర్రిపాలెంలోని ఫ్లాట్ నంబర్ 302లో ఉన్న పదకొండు ప్లగ్గులనూ ఆరు బటన్లనూ ఒకే యాప్‌లోకి చేర్చిన ఆదివారం ఉదయం, వకుళ భర్త చక్రధర్ కూడా ఆ జాబితాలో పద్దెనిమిదో పరికరంగా నమోదయ్యాడు. ఇలా జరగడం మామూలే. పెట్టెతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో నలభై ఒకటో పేజీలో దీని గురించి రెండు వాక్యాలున్నాయి. "ఒకే గోడల మధ్య ఎక్కువ కాలం గడిపిన వ్యక్తులు పరికరాలుగా కనబడవచ్చు. ఆందోళన అవసరం లేదు." కింది అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగిని మామగారు రెండేళ్లుగా ఫ్యాన్‌గా నమోదై ఉన్నారు. దానివల్ల ఆయన పింఛనుకు గానీ ఓటుకు గానీ ఏ ఇబ్బందీ రాలేదు.

వకుళ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. పని చెయ్యని వస్తువును చూస్తే ఆమెకు విసుగు రాదు, అది ఎందుకు పని చెయ్యడం లేదో చూడాలనిపిస్తుంది. ఆ ఇంట్లో ప్లగ్గులు ఐదు కంపెనీలవి. గీజరుకున్నది చక్రధర్ దసరా ఆఫర్లో కొన్నాడు. కూలరుకున్నది ఆడపడుచు గృహప్రవేశానికి కానుకగా ఇచ్చింది. మరో రెండు ప్లగ్గులు ఫ్రిజ్‌తో పాటు ఉచితంగా వచ్చాయి. మిగిలినవన్నీ ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకు ప్రద్యుమ్న ఎప్పటికప్పుడు కొత్త రకమని తెచ్చిపెట్టినవి. ఏ కంపెనీ యాప్ దానిది, ఏ కంపెనీ భాష దానిది. ఒకరి బటన్ మరొకరి ప్లగ్గుతో మాట్లాడదు. అత్తగారు పేరిందేవి మంచం పక్కన గోడకు అంటించిన గుండ్రటి బటన్‌ను తయారుచేసిన కంపెనీ అయితే ఏకంగా మూతపడింది. అయినా ఆవిడ రోజూ దాన్ని రెండుసార్లు నొక్కి, ఏమీ జరగకపోతే "అమ్మాయ్" అని పిలిచేది. ఆ పిలుపుకు మాత్రం ఇంట్లో అన్ని గదుల్లోనూ సిగ్నల్ ఉండేది.

ఈ గొడవంతా తీరాలని వకుళ డాబా గార్డెన్స్‌లోని ఒక దుకాణంలో తెల్లటి పెట్టె కొనుక్కొచ్చింది. అరచేతిలో పట్టే ఆ పెట్టెను హబ్బు అంటారు. ఎవరి భాషలో ఎవరు మాట్లాడినా అది విని, అవతలివాళ్లకు అర్థమయ్యేలా చెబుతుందనీ, ఇక ఇల్లంతా ఒకటే మాట మీద నడుస్తుందనీ దుకాణంలో అతను చెప్పాడు. వకుళ పెట్టెను హాల్లో పెట్టి, పరికరాలను వెతకమని యాప్‌లో నొక్కింది. పదిహేడు పరికరాలు దొరికాయి. వెతుకులాట అక్కడితో ఆగలేదు.

పద్దెనిమిదో వరుసలో "చక్రధర్. రకం: స్విచ్. స్పందన: ఆలస్యం" అని వచ్చింది. పందొమ్మిదిలో "పేరిందేవి. రకం: సెన్సర్. ఉష్ణోగ్రత, చప్పుడు, గుమ్మం దగ్గర కదలికలు" అని వచ్చింది. ఇరవైలో "ప్రద్యుమ్న. రకం: ప్లగ్. లోడు: ఎక్కువ." పదిహేడేళ్ల కూతురు మేదిని పేరు ఇరవై ఒకటిలో ఉంది, రకం దగ్గర "నిర్ధారణ కాలేదు" అని ఉంది. వకుళ జాబితాను పైకీ కిందికీ రెండుసార్లు చూసింది. తన పేరు లేదు. సాఫ్ట్‌వేర్ లోపం అనుకుంది.

చక్రధర్ ఓడరేవు ఆఫీసులో సూపరింటెండెంటు. ఆ సమయానికి పేపరు చదువుతూ, కరెంటు చార్జీల గురించి ఎవరితోనూ కాకుండా మాట్లాడుతున్నాడు. వకుళ అతని పేరు ఎదురుగా ఉన్న గుర్తును ఆఫ్ చేసింది. మూడు సెకన్ల తరవాత అతను "యూనిట్‌కి" అన్న మాట దగ్గర ఆగిపోయాడు. పేపరు చేతిలో అలాగే ఉంది. ఊపిరి ఆడుతూనే ఉంది. గుర్తును ఆన్ చేయగానే "ఇంత పెంచేస్తే ఎలా?" అని వాక్యం పూర్తి చేశాడు.

"మిమ్మల్ని ఒక నిమిషం ఆపాను," అంది వకుళ.

"అవునా? కాస్త తెరిపిగా ఉందేమిటా అనుకున్నాను," అన్నాడు చక్రధర్. "మళ్లీ ఎప్పుడైనా ఆపు, పరవాలేదు."

వకుళ ఒక పాత రికార్డు పుస్తకం తీసి తేదీ వేసింది. ఆ వారమంతా ఆమె ప్రయోగాలు చేసింది. పేరిందేవికి గుమ్మం దగ్గర కదలిక తెలిస్తే అక్కడి లైటు వెలిగేలా కలిపింది. ప్రద్యుమ్న గది తలుపు తీస్తే టిఫిన్ వేడి చేసే ఓవెన్ మొదలయ్యేలా కలిపింది. తల్లీ కొడుకులైన పేరిందేవి, చక్రధర్ పాత కుట్టుమిషను ఎవరు అమ్మేశారన్న విషయంలో మాట తేడా వచ్చి ఆరేళ్లుగా నేరుగా మాట్లాడుకోవడం లేదు. "మీ ఆయనకు చెప్పు," "మా అమ్మకు చెప్పు," అని ఇద్దరూ వకుళతోనే అంటారు. ఇప్పుడు పేరిందేవి "ఏమిటో ఈ బతుకు" అనగానే చక్రధర్ లేచి వెళ్లి ఆవిడ మంచం మీద ఐదు నిమిషాలు కూర్చునేలా వకుళ ఒక నియమం రాసింది. అతను వెళ్లి కూర్చున్నాడు. పేరిందేవి అతని చొక్కాకు బొత్తాం ఊడిపోయిందని గమనించింది. అయితే ఆ సంగతి వకుళకే చెప్పింది.

ఆ శనివారం వకుళ ఫోనుకు ఒక సందేశం వచ్చింది. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాన్ని సందర్శకుల గ్యాలరీ నుంచి చూడడానికి ఆమె పేరు ఖరారైంది. వచ్చే గురువారం ఉదయం. వకుళ పందొమ్మిదేళ్లుగా ఇంటర్ పిల్లలకు న్యూటన్ మూడో సూత్రం చెబుతోంది. బోర్డు మీద రాకెట్ బొమ్మ వేసి, కింద మంట గీసి, మంట కిందికి పోతే రాకెట్ పైకి పోతుందని కొన్ని వేలమందికి చెప్పి ఉంటుంది. ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. ఆ శబ్దం ఎలా ఉంటుందని ఒకసారి ఒక పిల్ల అడిగితే, "పెద్దగా ఉంటుంది" అని చెప్పి, ఆ జవాబుకు వారం రోజులు సిగ్గుపడింది.

"బుధవారం వెళ్లి శుక్రవారం వస్తాను," అని భోజనాల దగ్గర చెప్పింది.

"వెళ్లిరా," అన్నాడు చక్రధర్ వెంటనే. "వెళ్లు మమ్మీ, సూపరు," అన్నాడు ప్రద్యుమ్న. పేరిందేవి తల ఊపింది. ఎవరూ వద్దనలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వకుళను దేనికీ వద్దనలేదు.

మూడు రోజులు ఇల్లు తనంతట తాను నడుస్తుందో లేదో చూద్దామని మర్నాడు ఆమె ఒక పరీక్ష పెట్టింది. మొదట తెల్లటి పెట్టెను ప్లగ్గు నుంచి పీకేసింది. ఏమీ ఆగలేదు. లైట్లు వెలిగాయి, బటన్లు పలికాయి, పేరిందేవి "ఏమిటో" అనగానే చక్రధర్ లేచి వెళ్లాడు. వకుళ పెట్టెను బోర్లించి చూసింది. ఆశ్చర్యంగానే ఉంది, కానీ ఆశ్చర్యం కొలత కాదు కదా. రెండో పరీక్షగా చెప్పులేసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి నడిచింది. "కుక్కర్ మూడు విజిల్స్‌కి ఆపండి" అనలేదు. "అత్తయ్యగారి మాత్ర టేబుల్ మీద ఉంది" అనలేదు. ఏమీ చెప్పకుండా గేటు దాటడం ఆమెకు అదే మొదటిసారి.

వీధి మలుపులో కొబ్బరిబోండాల బండి దగ్గర ఫోను మోగింది. మేదిని.

"అమ్మా, ఇప్పుడు ఎక్కడున్నావు?"

"బోండాల బండి దగ్గర. ఏం?"

"ఆగిపోయారు."

"ఎవరు?"

"అందరూ. నాన్న చెంబు పట్టుకుని నిలబడ్డారు. అన్నయ్య ఫ్రిజ్ తలుపు తీసి ఆగిపోయాడు, చల్లగాలంతా పోతోంది. నాన్నమ్మ అన్నీ చూస్తోంది గానీ ఏమీ అనడం లేదు. ఫ్యాన్లు కూడా ఆగాయి. ఒకడుగు వెనక్కి వెయ్యి."

వకుళ ఒక అడుగు వెనక్కి వేసింది. ఫోన్లో ఫ్రిజ్ తలుపు మూసిన చప్పుడు వినిపించింది. ముందుకు వేసింది. నిశ్శబ్దం. తల్లీ కూతుళ్లు అలా నాలుగుసార్లు చేసి చూశారు. గేటు నుంచి నలభై రెండు అడుగులు. వకుళ ఆ సంఖ్యను అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. ఒక బోండాం తాగింది కూడా.

సోమవారం ఆమె గృహ అనుసంధాన కార్యాలయం, మూడో జోన్‌లో దరఖాస్తు ఇచ్చింది. అక్కడ ఇలాంటివి రోజుకు ముప్పై వస్తాయి. దరఖాస్తు పైన "పరిధి సమస్య" అని ముద్ర వేసి, మంగళవారం పొద్దున్నే పైడిరాజు అనే సహాయకుణ్ణి పంపించారు. యాభై ఏళ్ల మనిషి, జేబులో రెండు పెన్నులు, చేతిలో ఒక టాబ్లెట్. చెప్పులు గుమ్మం బయట విప్పి, తెల్లటి పెట్టెను చేతిలోకి తీసుకుని ఊపి చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"ఇదొట్టి పెట్టెనమ్మా. లోపల లైటు తప్ప ఏటీ లేదు. ఊరంతా ఇవే అమ్ముతున్నారు."

"మరి హబ్బేది?"

"మీరేనమ్మా."

వకుళ ఫోను తీసి యాప్ తెరిచింది. "అందుకనేనా జాబితాలో నా పేరు లేనిది?"

"హబ్బు పేరు ఎక్కడా రాదు. అన్నింటినీ చూపించేదే అది, దాన్ని చూపించీది ఏదుంటాది?"

"నేను రోజూ కాలేజీకి వెళ్తాను. అప్పుడు ఆగడం లేదే?"

"టైమర్ మీద నడుస్తాదమ్మా. పొద్దున్న మీరు గిన్నెలు సర్ది, మాత్రలు పెట్టి, ఎవులికి ఏటి చెప్పాలో చెప్పీసి ఎళ్తారు కదా. అది సాయంత్రం దాకా లాగుతాది. పది గంటలు దాటితే లాగదు."

వకుళకు పెళ్లయిన ఈ ఇరవై మూడేళ్లలో ఇల్లు విడిచి ఎక్కడైనా ఉండవలసి వచ్చినప్పుడల్లా ఇల్లంతా ఆమెతోనే కదిలిందన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. పుట్టింటి పెళ్లిళ్లకు కూడా అత్తగారి మాత్రల డబ్బాతో సహా వెళ్లారు. ఇందులో ఆమెకు బాధ కన్నా ముందు, ఇంతకాలం ఒక లెక్క తప్పిపోతూ వచ్చి చివరికి సరిపోయినప్పటి తృప్తి కలిగింది. బాధ తరవాత వచ్చింది, అది కూడా పైడిరాజుకిచ్చిన కాఫీలో చక్కెర సరిపోయిందా అని తను అడుగుతున్నప్పుడు.

"మూడు రోజులకి ఇంకొకరిని హబ్బుగా పెట్టొచ్చమ్మా. తాత్కాలిక మార్పిడి అంటాం. సార్‌ని పెట్టి ఒక గంట చూద్దామా?" అన్నాడు పైడిరాజు.

చక్రధర్ ఉత్సాహంగానే ఒప్పుకున్నాడు. ఆఫీసుకు గంట ఆలస్యంగా వస్తానని ఫోను చేసి కూడా చెప్పాడు. వకుళ మళ్లీ బోండాల బండి దగ్గరికి వెళ్లి నిలబడింది. గంట తరవాత పైడిరాజు రాసిన నివేదిక ప్రకారం జరిగింది ఇది. మొదటి ఐదు నిమిషాల్లో పేరిందేవి "కాళ్లు లాగేస్తున్నాయి" అంది. చక్రధర్ నీళ్లు లాగే మోటారు ఆన్ చేశాడు. పైన ట్యాంకు పొంగి, నీళ్లు రెండో అంతస్తువాళ్లు ఆరేసిన బట్టల మీద పడ్డాయి. వాళ్లు కిందనుంచి అరిచారు. చక్రధర్ ఆ అరుపును పేరిందేవికి అందజేశాడు. ప్రద్యుమ్న "టిఫినేంటి?" అని అడిగితే, ఆ ప్రశ్నను వకుళ ఫోనుకు పంపాడు. కుక్కర్ మూడు విజిల్స్ వేసింది. చక్రధర్ వాటిని తప్పు లేకుండా లెక్కపెట్టాడు, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాడు. గంటలో మొత్తం పందొమ్మిది సందేశాలు వచ్చాయి. పద్నాలుగింటిని ఉన్నవి ఉన్నట్టు వకుళకు పంపించాడు.

"వచ్చినవన్నీ పంపాను కదా!" అన్నాడు చక్రధర్ నిజాయితీగా.

"పంపారు సార్. దాన్ని రిపీటర్ అంటాం. హబ్బు అనం," అన్నాడు పైడిరాజు. నివేదికలో ఆ మాటే రాసి అతని చేత సంతకం పెట్టించుకున్నాడు. చక్రధర్ స్కూటరు మీద ఆఫీసుకు బయలుదేరాడు.

ప్రద్యుమ్న మెడ వెనక పైడిరాజు టాబ్లెట్ పెట్టి చూశాడు. ఏ చప్పుడూ రాలేదు.

"ఈ మోడల్లో ఆ చిప్ లేదమ్మా. పెట్టలేక కాదు. తయారు చేసినోళ్లకి పెద్ద కష్టవేం లేదు. పెట్టాలని అనుకోలేదంతే."

తయారు చేసినవాళ్లెవరని వకుళ అడగలేదు. ప్రద్యుమ్న మాత్రం, "అప్‌డేట్ ఏమైనా వస్తుందా అంకుల్?" అని ఆసక్తిగా అడిగాడు. పెళ్లయ్యాక కొన్నింటికి వస్తుందనీ, అది కూడా అవతలి కంపెనీ గట్టిగా పట్టుబడితేననీ పైడిరాజు చెప్పాడు.

మేదిని కిటికీ పక్కన నేల మీద బోర్లా పడుకుని బొమ్మ వేసుకుంటోంది. ఆ పిల్లకు పురుగుల బొమ్మలు వెయ్యడం ఇష్టం. చీమ కాళ్లు, పేడపురుగు వీపు, మిడత కళ్లు, అన్నీ గీతకు గీత వచ్చేదాకా లేవదు. అలా ఉన్నప్పుడు మూడుసార్లు పిలిస్తే గానీ పలకదు. ఆ రోజు తూనీగ వేస్తోంది. టాబ్లెట్ ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే పీప్ మంది.

"పాపకి పుట్టుకతోనే ఉన్నట్టుందమ్మా," అన్నాడు పైడిరాజు.

"పుట్టుకతో ఎవరికీ ఉండదు," అని లోపలి గదిలోంచి పేరిందేవి గొంతు వినిపించింది. సెన్సర్లు సాధారణంగా అడగనిదే మాట్లాడవు, కాబట్టి అందరూ అటు చూశారు. "దానికి మూడో ఏట పెట్టాం. అన్నయ్యకి మంచినీళ్లు ఇచ్చిరా అమ్మా అన్నాం. తొణక్కుండా తీసుకెళ్లి ఇచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. నువ్వూ కొట్టావు అమ్మాయ్."

వకుళకు ఆ చప్పట్లు గుర్తున్నాయి. ఫోటో కూడా ఉంది.

పైడిరాజు టాబ్లెట్‌లో పాత వివరాలు తిరగేశాడు. ఈ కుటుంబానికి అంతకుముందు హబ్బుగా ముప్పై ఒక్క సంవత్సరాలు పేరిందేవే ఉన్నారనీ, వకుళ కాపురానికి వచ్చిన వారంలో మార్పిడి జరిగిందనీ అందులో ఉంది. హబ్బు పని దిగిపోయాక మనుషులు కొంతకాలం మామూలు పరికరాల్లా ఉండి, వయసు మీద పడ్డాక సెన్సర్లవుతారనీ, అన్నీ తెలుస్తాయి గానీ ఏదీ తమ చేత కాదనీ అతను వివరించాడు.

"మీకెవరు ఇచ్చారత్తయ్యా?" అని అడిగింది వకుళ.

"మా అత్తగారు. తాళాలగుత్తి చేతిలో పెట్టింది. ఇచ్చింది అదే అనుకున్నాను," అంది పేరిందేవి.

తాత్కాలిక మార్పిడి ఫారం ఒకటే పేజీ. ఇచ్చేవారి సంతకం, తీసుకునేవారి సంతకం. కింద చిన్న అక్షరాల్లో ఒక నిబంధన ఉంది. ఇచ్చినవారు తిరిగి వచ్చిన ఏడు రోజుల్లోగా, సాయంత్రం ఐదు గంటల లోపల రద్దు ఫారం పంపాలి. పంపకపోతే మార్పిడి శాశ్వతమవుతుంది. వకుళ దాన్ని రెండుసార్లు చదివింది, మేదినికి కూడా చదివి వినిపించింది.

"ఇష్టం లేకపోతే చెప్పవే. నేను టికెట్టు రద్దు చేసుకుంటాను. రాకెట్లు మళ్లీ ఎగురుతాయి."

"మూడు రోజులే కదమ్మా. నాకెలాగూ అందరి మాటలూ వినిపిస్తూనే ఉంటాయి. విననట్టు ఉంటానంతే," అంది మేదిని. పెన్సిలు కింద పెట్టి సంతకం చేసింది. పైడిరాజు వేలిముద్ర తీసుకుని, తల్లీ కూతుళ్ల చేతులు పది సెకన్లు కలిపి పట్టుకోమన్నాడు. మేదిని చెయ్యి కొద్దిగా వెచ్చబడింది. ఆ పిల్ల తల తిప్పి లోపలి గది వైపు చూసి, "నాన్నమ్మకి దాహం," అంది. పేరిందేవి అప్పటికింకా ఏమీ అడగలేదు.

బుధవారం వకుళ సూళ్లూరుపేట రైలెక్కింది. తుని దాటేదాకా ఆమెకు ఏదో మరిచిపోయినట్టు అనిపిస్తూనే ఉంది. బ్యాగు మూడుసార్లు వెతికింది. అన్నీ ఉన్నాయి. లేనిది చప్పుడని తరవాత తెలిసింది. ఎవరి ఆకలీ, ఎవరి మోకాలి నొప్పీ, ఎవరి చొక్కా బొత్తామూ తన తలలో లేవు. కాఫీ అమ్మే అతను వస్తే ఒక కప్పు కొని, ఒక గుక్క తాగి, తనకు ఇంత తీపి ఇష్టం లేదని కనిపెట్టింది. నలభై ఆరేళ్ల వయసులో ఇది కొత్త సమాచారం. రికార్డు పుస్తకంలో రాసుకుంది.

గురువారం ఉదయం గ్యాలరీ మెట్ల మీద కొన్ని వేలమందితో పాటు కూర్చుంది. లెక్కింపు సున్నాకు వచ్చింది. దూరాన చెట్ల మీదుగా నారింజరంగు వెలుగు లేచింది. రాకెట్ పైకి వచ్చింది, కానీ శబ్దం రాలేదు. ఆమె అలవాటుగా సెకన్లు లెక్కపెట్టింది, ధ్వని వేగంతో గుణించి దూరం కట్టుకుంది. లెక్కపెడుతూండగానే శబ్దం వచ్చింది. అది చెవులకు రాలేదు, పక్కటెముకలకు వచ్చింది. మెట్లు వణికాయి. పక్కన కూర్చున్న పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తెల్లటి పొగ చార మిగిల్చి రాకెట్ మబ్బులోకి వెళ్లిపోయాక కూడా వకుళ లేవలేదు. శబ్దం ఎలా ఉంటుందని క్లాసులో అడిగిన ఆ పిల్లకు ఏం జవాబు చెప్పాలో ఇప్పుడు తెలుసు. "ముందు అసలు వినిపించదు" అని చెప్పాలి.

మధ్యాహ్నం ఇంటికి ఫోను చేసింది. మేదిని ఎత్తింది. నాన్నమ్మ రెండు ఇడ్లీలు తిన్నదనీ, నాన్నకు ఆఫీసులో ఆడిట్ ఉందనీ, అన్నయ్య ప్రాజెక్టు కాగితాలు మంచం కింద దొరికాయనీ, రెండో అంతస్తువాళ్లకు కందిపొడి పంపించి బట్టల గొడవ సర్దేశాననీ చెప్పింది.

"నీ సంగతేమిటే?"

"నా సంగతంటే?" అంది మేదిని. తెలియక అడిగినట్టే ఉంది.

శుక్రవారం వకుళ ఇంటికి వచ్చేసరికి ఇల్లు ఎప్పటికన్నా బాగుంది. మేదిని నియమాలన్నీ మార్చింది. చక్రధర్‌ను ఆపడం, మొదలుపెట్టడం మానేసి, వెలుగు తగ్గించి పెంచినట్టు నెమ్మదిగా నడిపిస్తోంది. అతను ఉదయం ఆరింటికి లేచి కాఫీ కలుపుతున్నాడు. తల్లి దగ్గరికి వెళ్లి కూర్చుని, ఎవరి ద్వారానూ కాకుండా, ఆ కుట్టుమిషను తనే అమ్మానని ఒప్పుకున్నాడు. ప్రద్యుమ్న తన కంచం తనే కడుగుతున్నాడు, ఎందుకు కడుగుతున్నాడో మాత్రం తెలియదన్నాడు. వకుళ యాప్ తెరిచింది. "కొత్త పరికరం కనబడింది" అని వచ్చింది. "వకుళ. రకం: దీపం. స్థితి: ఆఫ్." ఆమెకు నవ్వు వచ్చింది. తన పేరును వేలితో తాకి, చాలాసేపు చూసింది.

మర్నాడు ఉదయం చక్రధర్ కాఫీ తెచ్చి చేతికిచ్చాడు. తీపి తక్కువగా ఉంది. తనకు ఎక్కువ తీపి ఇష్టం లేదన్న సంగతి వకుళ అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మేదిని డ్రాయింగ్ పుస్తకం కిటికీ పక్కనే ఉంది. తూనీగకు ఒక పక్క రెక్కలే ఉన్నాయి. ఆదివారం చూసినా అంతే ఉంది, మంగళవారం చూసినా అంతే. ఇప్పుడు ఆ పిల్లను మూడుసార్లు పిలవక్కర్లేదు. సగం పిలుపుకే వస్తోంది. ఒక్కోసారి పిలవకముందే వచ్చి నిలబడుతోంది.

"రెక్కలు వెయ్యవా?" అని అడిగింది వకుళ.

"వేస్తానమ్మా. నీకు మెడ పట్టేసింది కదా, వేణ్నీళ్లు పెట్టాను చూడు."

నిజంగానే పట్టేసింది. వేణ్నీళ్లు హాయిగా ఉన్నాయి.

ఆరో రోజున పైడిరాజు ఫోను చేశాడు. గుర్తుచెయ్యడం తమ విధి అని ముందే చెప్పాడు. "రద్దు ఫారం పంపిస్తారా అమ్మా? రేపు సాయంత్రం అయిదుకి గడువు."

"నూటికి ఎంతమంది పంపిస్తారండీ?" అని అడిగింది వకుళ. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"ఆ లెక్క మా దగ్గర లేదమ్మా. ఫారాలు మాత్రం మొదటిసారి అచ్చేసినవే ఇంకా ఉన్నాయి."

ఏడో రోజు కాలేజీకి సెలవు. వకుళ భోజనం చేసి, రద్దు ఫారాన్ని పుస్తకంలో పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లి కూర్చుంది. నక్షత్రాల గురించిన పుస్తకం అది. పెళ్లికి ముందు కొన్నది, అరవయ్యో పేజీ దాటలేదు. పేరిందేవి కర్ర ఊతంతో నెమ్మదిగా వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. లోపల గడియారం నాలుగు కొట్టింది. వకుళ నూటపదో పేజీలో ఉంది.

"నేనూ ఏడో రోజున ఇలాగే కూర్చున్నాను," అంది పేరిందేవి వీధిలోకి చూస్తూ. "పెరట్లో. వంకాయలు తరుగుతున్నట్టు నటించాను. ఉన్నవి నాలుగే కాయలు. నువ్వు లోపల చెమటలు కక్కుతూ తిరుగుతున్నావు. నాకు వినిపిస్తూనే ఉంది."

"తప్పనిపించలేదా అత్తయ్యా?"

"అనిపించింది. ఒక వారం అనిపించింది."

వకుళ ఫారం తీసి చూసింది. రెండు వాక్యాలూ ఒక సంతకమూ అంతే. పెన్ను కూడా చేతిలోనే ఉంది. నక్షత్రం తనలోని ఇంధనం అయిపోయాక ఏమవుతుందో చెప్పే అధ్యాయం సరిగ్గా అప్పుడే మొదలైంది. అది పూర్తి చేసి సంతకం పెడదామనుకుంది. పదకొండు పేజీల అధ్యాయం. చాలా బాగా రాశాడు.

గడియారం ఐదు కొట్టింది. లోపల ఎవరో కాస్త మంచినీళ్లు కావాలన్నారు. వకుళ మోకాళ్లు పాత అలవాటు కొద్దీ కదిలాయి, సగం లేచాయి. అంతలో వంటింటి వైపు పరిగెత్తుతున్న మేదిని అడుగుల చప్పుడు వినిపించింది, ఆ వెనకే గ్లాసు చప్పుడు. వకుళ కుర్చీలో సర్దుకుని కూర్చుని, పేజీ తిప్పింది.